మీ నోటీసు కనపడనివాళ్ళకి, వినపడనివాళ్ళకి కూడా చేరాలంటే ఏం చేయాలి

2024 నవంబర్‌లో మా కాలనీ వాట్సాప్ గ్రూపులో నేనే ఒక నోటీసు పెట్టాను, రేపు కుళాయి నీళ్ళు రావు అని. తెల్లకాగితం మీద టైప్ చేయించి, కింద అసోసియేషన్ స్టాంపు వేసి, ఫోన్‌తో ఫోటో తీసి పెట్టాను. అందరూ బొటనవేలు గుర్తులు పెట్టారు, చేరిపోయిందిలే అనుకున్నాను. మర్నాడు మధ్యాహ్నం వెనక వీధి మాస్టారి వాళ్ళమ్మగారు ఖాళీ బిందె పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చారు, ఇంట్లో చుక్క నీళ్ళు లేవు బాబూ అంటూ. గ్రూపులో పెట్టాను కదమ్మా అన్నాను. ఆవిడకి చదవడం రాదు, మాస్టారికి చూపు లేదు, ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ నాకు తట్టలేదు.

సాయంత్రం స్కూల్ నుంచి వచ్చాక మాస్టారి దగ్గరికి వెళ్ళాను. ఆయన ఏమీ అనలేదు, ఫోన్ తీసి గ్రూపు ఓపెన్ చేసి నా నోటీసు మీద వేలు పెట్టి నాకు వినిపించారు. ఫోన్ నా పేరు చెప్పింది, ఫోటో అని చెప్పింది, టైమ్ చెప్పింది, అంతే ఆగిపోయింది. "మీరు నాకు పంపింది ఇదీ" అన్నారు. ఆ రోజు నుంచి ఆయన దగ్గర, తర్వాత మా ఊళ్ళో వినపడని ఒక జంట దగ్గర నేర్చుకున్నవన్నీ ఇక్కడ రాస్తున్నాను. కాలనీ అసోసియేషన్‌లో ఉన్నవాళ్ళు, పంచాయతీలోనో వార్డు సచివాలయంలోనో పనిచేసేవాళ్ళు, స్కూల్ గ్రూపులు చూసే టీచర్లు, గుడి కమిటీలు, హెల్త్ క్యాంపులు పెట్టేవాళ్ళు, అంటే నలుగురికీ ఒక మాట చేరవేసే పని ఉన్న ఎవరికైనా పనికొస్తుంది. ఖర్చు దాదాపు ఏమీ లేదు, అలవాటు మారాలి అంతే.

మొదటి పని, ఫోటో ఒక్కటే పెట్టకండి

ఇది ఒక్కటి చేస్తే సగం పని అయిపోయినట్టే, అందుకే దీని గురించి ఎక్కువ చెప్తాను. చూపు లేనివాళ్ళు ఫోన్ వాడేది స్క్రీన్ రీడర్‌తో, అంటే తెర మీద ఉన్నది పైకి చదివి వినిపించే ప్రోగ్రాంతో, ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్, ఐఫోన్‌లో వాయిస్‌ఓవర్, కంప్యూటర్ మీద ఎక్కువమంది ఎన్‌వీడీఏ. ఈ ఎన్‌వీడీఏ ఫ్రీగా దొరుకుతుంది, 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్, జేమ్స్ టే అని చూపులేని ఇద్దరు కుర్రాళ్ళు మొదలుపెట్టారు దాన్ని. ఇవన్నీ తెలుగు చదువుతాయి. కానీ చదవడానికి అక్కడ అక్షరాలు ఉండాలి కదా, ఫోటోలో ఉన్నవి మన కంటికి అక్షరాలు, ఫోన్‌కి మాత్రం రంగు చుక్కలు. ఫోటోలోంచి అక్షరాలు లాగే యాప్స్ ఉన్నాయి నిజమే, గూగుల్ లెన్స్ తెలుగు కూడా లాగుతుంది, కానీ వంకరగా తీసిన ఫోటోలో, స్టాంపు పడ్డ చోట, చేత్తో దిద్దిన తేదీ దగ్గర తప్పులు చదువుతుంది, తప్పు చదివిన తేదీ అసలు చదవకపోవడం కన్నా ప్రమాదం.

కాబట్టి నోటీసులో ఉన్న విషయం మొత్తం మెసేజ్‌గా టైప్ చేసి పెట్టండి. స్టాంపు ఉన్న కాగితం కూడా పెట్టాలి అనుకుంటే పెట్టండి, కింద క్యాప్షన్‌లో మాత్రం మొత్తం రాయండి. "ముఖ్య గమనిక, పై ఫోటో చూడగలరు" అని రాస్తే అది క్యాప్షన్ కాదు. టైప్ చేయడం బద్ధకంగా ఉంటే గూగుల్ వాళ్ళ కీబోర్డు జీబోర్డులో మైక్ నొక్కి తెలుగులో చెప్పండి, అదే టైప్ చేస్తుంది, ఒకసారి చదివి దిద్దుకుంటే చాలు, రెండు నిమిషాల పని. ఫేస్‌బుక్, ఎక్స్, ఇన్‌స్టాగ్రామ్‌లో అయితే ఫోటోకి ఆల్ట్ టెక్స్ట్ పెట్టే చోటు ఉంటుంది, అందులో ఫోటోలో ఏముందో రాయండి. హెల్త్ క్యాంపు పోస్టర్ అయితే "పోస్టర్" అని రాసి వదిలేయకండి, ఎక్కడ, ఎప్పుడు, ఏ డాక్టర్లు, ఏం తెచ్చుకోవాలి అన్నది రాయండి. మూలన ఉన్న పూల డిజైన్ గురించి రాయక్కర్లేదు.

ఇంకో ముఖ్యమైన విషయం, తెలుగుని ఇంగ్లీష్ అక్షరాల్లో టైప్ చేయడం. మనలో చాలామందిమి అలాగే చేస్తాం, నేనూ చేసేవాణ్ణి. స్క్రీన్ రీడర్ దాన్ని ఇంగ్లీష్ అనుకుని ఇంగ్లీష్ యాసలో చదువుతుంది, మాస్టారు ఒకసారి వినిపించారు, నేనే రాసిన మెసేజ్ నాకే అర్థం కాలేదు. గ్రూపులో కబుర్లకి ఎలా రాసుకున్నా సరే, నోటీసు మాత్రం తెలుగు లిపిలో ఉండాలి. అలాగే మెసేజ్ మొదట్లో నక్షత్రాలు, గీతలు, దణ్ణం పెట్టే చేతులు పదేసి పెట్టకండి, ఆ ఒక్కోదాని పేరూ ఒక్కోసారి చదువుకుంటూ పోతుంది ఫోన్, అసలు విషయం వచ్చేసరికి వినేవాళ్ళకి ఓపిక అయిపోతుంది.

పీడీఎఫ్‌తో వచ్చే చిక్కు

మనకి తెలుగులో ఒక పెద్ద చిక్కు ఉంది, ఇది తెలియక చాలా ఆఫీసులు మంచి మనసుతో చేసిన పని కూడా వృథా అవుతోంది. డీటీపీ సెంటర్లలో ఎన్నో ఏళ్ళుగా పేజ్‌మేకర్‌లో అను ఫాంట్స్‌తో కంపోజ్ చేస్తున్నారు. యూనికోడ్ అంటే ఏ భాష అక్షరాన్నయినా అన్ని ఫోన్లూ, కంప్యూటర్లూ ఒకేలా గుర్తుపట్టే పద్ధతి. అను ఫాంట్ యూనికోడ్ కాదు, అంటే స్క్రీన్ మీద "నీళ్ళు" అని కనపడుతుంది కానీ లోపల ఉండేది ఇంగ్లీష్ అక్షరాలు, గుర్తులు. ఆ ఫాంట్ వాటి మీద తెలుగు బొమ్మలు తొడుగుతుంది అంతే. ప్రింట్ తీస్తే అద్భుతంగా ఉంటుంది, స్క్రీన్ రీడర్‌కి ఇస్తే గొణుగుడు వస్తుంది. స్కాన్ చేసిన పీడీఎఫ్ అయితే అదీ లేదు, అది పీడీఎఫ్ వేషంలో ఉన్న ఫోటో.

మీ పీడీఎఫ్ ఎలాంటిదో తెలుసుకోవడం చాలా తేలిక. ఓపెన్ చేసి ఒక లైన్ మీద వేలు నొక్కిపట్టి కాపీ చేయండి, వాట్సాప్‌లో మీకు మీరే పంపుకునే చోట పేస్ట్ చేయండి. అదే తెలుగు లైన్ వచ్చిందా, బాగుంది. ఇంగ్లీష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా వచ్చాయా, అది అను ఫాంట్ రకం. అసలు సెలెక్టే అవ్వలేదా, స్కాన్. ఒక్కోసారి తెలుగే వస్తుంది కానీ ఒత్తులు విరిగిపోయి, గుణింతాలు చెల్లాచెదురుగా వస్తాయి, అది కూడా పనికిరాదు. ఏది తేడా వచ్చినా ఆ విషయాన్ని యూనికోడ్‌లోకి మార్చాలి, అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, మార్చాక ఒకరు కూర్చుని తప్పులు చూసుకోవాలి. డీటీపీ అతనికి ముందే చెప్పండి, "బాబూ నాకు ప్రింట్‌కి ఒకటి, పంపడానికి యూనికోడ్‌లో ఒకటి కావాలి" అని. ఫాంట్లకి కూడా కొదవ లేదు, నోటో సాన్స్ తెలుగు, మండలి, రామభద్ర లాంటివి ఫ్రీగానే ఉన్నాయి. పెద్ద డాక్యుమెంట్ అయితే వర్డ్‌లో హెడ్డింగులకి హెడ్డింగ్ స్టైలే వాడండి, అక్షరాలు లావు చేసి వదిలేస్తే స్క్రీన్ రీడర్ వాడేవాళ్ళకి హెడ్డింగ్ నుంచి హెడ్డింగ్‌కి దూకే వీలుండదు, నలభై పేజీలు వరసగా వినాల్సి వస్తుంది.

ఇక భాష

నేను ఆ రోజు పెట్టిన నోటీసు ఇలా ఉంది: "పైపులైను మరమ్మత్తుల దృష్ట్యా ది. 14-11-24న ఉ. 6.00 గం.ల నుండి సా. 6.00 గం.ల వరకు నీటి సరఫరా నిలిపివేయబడును. కావున వినియోగదారులు సహకరించవలసినదిగా కోరడమైనది." దీన్ని తర్వాత టైప్ చేసి టాక్‌బ్యాక్‌లో పెట్టి విన్నాను. "ది" అని ఆగింది, అంకెలు ఏవో చదివింది, "ఉ" అంది, "గం" అంది, "ల నుండి సా" అంది. మనం కంటితో చూసి ఉదయం, గంటలు, సాయంత్రం అని నింపుకుంటాం, చెవికి ఆ వీలు లేదు. పైగా నీళ్ళు పట్టుకోండి అన్న అసలు ముక్క అందులో ఎక్కడా లేదు.

ఇప్పుడైతే ఇలా రాస్తాను:

"రేపు, నవంబర్ 14 గురువారం, కుళాయి నీళ్ళు రావు. పొద్దున 6 గంటల నుంచి సాయంత్రం 6 గంటల దాకా రావు. పైపు రిపేర్ చేస్తున్నారు. ఈ రాత్రే నీళ్ళు పట్టి పెట్టుకోండి. మధ్యాహ్నం 12 గంటలకి రామాలయం దగ్గరికి ట్యాంకర్ వస్తుంది. నడవలేనివాళ్ళు, మెట్లు దిగలేనివాళ్ళు ముందే చెప్తే ఇంటికి తెచ్చిస్తాం. అడగాలంటే ఫోన్ చేయొచ్చు, మెసేజ్ కూడా పెట్టొచ్చు."

ఒక వాక్యంలో ఒకటే విషయం, ఏం జరుగుతోంది అన్నది ముందు, ఏం చేయాలి అన్నది వెంటనే, కారణం తర్వాత. పొడి అక్షరాలు, చుక్కలు లేవు. ఇలా రాస్తే మేధోపరమైన వైకల్యం ఉన్నవాళ్ళకి, వయసు మీద పడ్డవాళ్ళకి, మాస్టారి వాళ్ళమ్మగారిలా ఎవరో చదివి పెడితే వినేవాళ్ళకి కూడా అర్థమవుతుంది. "నిలిపివేయబడును" అంటేనే గౌరవంగా ఉంటుంది అనుకునేవాళ్ళు ఉన్నారు, నాకైతే అర్థమయ్యేలా చెప్పడంలోనే గౌరవం ఉంది అనిపిస్తుంది. పేపర్ మీద ఇచ్చేటప్పుడు ఒక్కో వాక్యం పక్కన ఒక్కో బొమ్మ, బిందె, ట్యాంకర్, గడియారం, పెడితే ఇంకా మంచిది. ఫోన్ నంబర్ రాసేటప్పుడు పది అంకెలూ అతికించి రాస్తే కొన్ని ఫోన్లు కోట్లు, లక్షలు అని చదువుతాయి, అందుకే మధ్యలో ఖాళీలు వదిలి రాయండి.

ఆ చివరి లైన్ గురించి కూడా ఒక మాట. హెల్ప్‌లైన్ అని ఒక్క ఫోన్ నంబర్ ఇచ్చి ఊరుకుంటే వినపడనివాళ్ళు దానికి ఫోన్ చేసి ఏం మాట్లాడతారు? వాట్సాప్‌కో ఎస్సెమ్మెస్‌కో జవాబిచ్చే నంబర్ ఒకటి తప్పకుండా ఉండాలి, దాన్ని చూసే మనిషి కూడా ఉండాలి.

వినపడనివాళ్ళ కోసం

మన ఊళ్ళలో ముఖ్యమైన కబురు అంటే ఇప్పటికీ ఆటోకి మైకు కట్టి తిప్పడమే, వెనకటికి టముకు వేసేవాళ్ళు, ఇప్పుడు రికార్డింగ్. చూపు లేనివాళ్ళకి అది చాలా మేలు. కానీ వినపడనివాళ్ళకి ఆటో వెళ్ళిందన్న సంగతే తెలీదు. నేను చెప్పిన జంట 2024 సెప్టెంబర్‌లో విజయవాడలో బుడమేరు వరద వచ్చినప్పుడు సింగ్‌నగర్ వైపు వాళ్ళ చుట్టాలింట్లో ఉన్నారట, బయట పడవలోంచి కేకలేసి చెప్తుంటే వాళ్ళకి తెలియలేదు, పక్క మేడ మీద కుర్రాడు చేతులూపి సైగ చేస్తే తెలిసిందట. ఆ సంగతి చెప్తున్నప్పుడు ఆవిడ చేతులు ఎంత వేగంగా కదిలాయో నాకింకా గుర్తుంది. తుపాన్లు, వరదలు ఉన్న ప్రాంతాల వాళ్ళు ఇది ముందే ఏర్పాటు చేసుకోవాలి. మీ వార్డులో వినపడనివాళ్ళు, చూపు లేనివాళ్ళు, మంచం మీద ఉన్నవాళ్ళు ఎవరెవరో వాళ్ళ ఒప్పుదలతో ఒక లిస్టు, ఒక్కో ఇంటికి వెళ్ళి చెప్పాల్సిన మనిషి పేరు, అతను ఊళ్ళో లేకపోతే ఇంకొకరి పేరు. లిస్టు గ్రూపుల్లో తిప్పకండి, బాధ్యత ఉన్న ఇద్దరు ముగ్గురి దగ్గర ఉంటే చాలు.

నా వరకు నేను పెట్టుకున్న కొలత ఇదే, ఏ కబురైనా కనీసం రెండు దార్లలో వెళ్ళాలి, ఒకటి కంటికి, ఒకటి చెవికి. మైకు తిరిగితే అదే విషయం మెసేజ్‌గా కూడా వెళ్ళాలి, ఫ్లెక్సీ కడితే అదే విషయం మైకులో కూడా రావాలి.

వీడియో చేస్తే తెలుగు సబ్‌టైటిల్స్ పెట్టండి, ఆటోమేటిక్‌గా వచ్చేవాటిని నమ్మి వదిలేయకండి, ఊరి పేర్లు, మందుల పేర్లు, అంకెలు ఘోరంగా తప్పు పడతాయి, మనిషి కూర్చుని దిద్దాల్సిందే. ఒకసారికి రెండు లైన్లు మించకూడదు, చదివే టైమ్ ఇవ్వాలి, వెనక ముదురు రంగు పట్టీ ఉంటే అక్షరాలు తేటగా కనపడతాయి. సైరన్ మోగితే సైరన్ మోగుతోంది అని కూడా రాయాలి.

అయితే సబ్‌టైటిల్స్ పెట్టేస్తే సరిపోతుంది అనుకోవద్దు. పుట్టుకతో వినపడనివాళ్ళలో చాలామందికి సైన్ భాషే సొంత భాష, తెలుగు వాళ్ళకి స్కూల్లో నేర్చుకున్న రెండో భాష లాంటిది, మన ప్రత్యయాలు, పొడుగు వాక్యాలు అంత తేలిగ్గా అందవు. మన దేశంలో వాడేది ఇండియన్ సైన్ లాంగ్వేజ్, దానికి దాని వ్యాకరణం ఉంది, తెలుగు మాటలకి వరసగా సైగలు పెట్టడం కాదు. 2015లో ఢిల్లీలో దీనికోసం ప్రత్యేకంగా కేంద్రప్రభుత్వ సంస్థ పెట్టారు, వాళ్ళ డిక్షనరీ 2021కి పదివేల పదాలకి చేరింది, వీడియోలు ఆన్‌లైన్‌లో ఎవరైనా చూడొచ్చు, నమస్కారం, నీళ్ళు, డాక్టర్, ప్రమాదం లాంటి పాతిక సైగలు మీరూ నేర్చుకోండి, వాళ్ళ మొహంలో వచ్చే మార్పు చూడాలి మీరు.

ఇంటర్‌ప్రెటర్‌ని పెట్టినప్పుడు కొన్ని జాగ్రత్తలు. టీవీలో చూస్తుంటాం, మూలన చిన్న గుండ్రంలో నిలబెడతారు, కింద స్క్రోలింగ్ వెళ్తూ చేతుల మీదకి వచ్చేస్తుంది. సైన్ భాషలో చేతులతో పాటు మొహం కూడా మాట్లాడుతుంది, కనుబొమ్మలు లేపితే ప్రశ్న, తల అడ్డంగా ఊపితే కాదు, అవన్నీ కనపడేంత పెద్దగా చూపించాలి. నడుము నుంచి తల పైదాకా ఫ్రేములో ఉండాలి, వెనక ఒకే రంగు ఉండాలి, ఇంటర్‌ప్రెటర్ బట్టలు చర్మం రంగుకి తేడాగా, డిజైన్లు లేకుండా ఉండాలి, లైటు ముందు నుంచి పడాలి. గంట మీటింగ్‌కి ఒక్కరినే పెట్టకండి, ఇద్దరు ఉంటే పదిహేను ఇరవై నిమిషాలకి ఒకసారి మారతారు, లేకపోతే చేతులే కాదు బుర్ర కూడా అలిసిపోయి విషయం జారిపోతుంది. మీరు చదివే స్పీచ్ కాగితం ముందురోజే ఇవ్వండి. ఇంటర్‌ప్రెటర్‌కి డబ్బు ఇవ్వండి, సేవ అని పిలిచి ఉత్త చేతుల్తో పంపకండి.

పిల్లల్ని ఇంటర్‌ప్రెటర్లుగా వాడకండి. ఒక కంటి క్యాంపులో చూశాను, ఆ జంటకి వినపడే పాప ఉంది, తొమ్మిదేళ్ళు, వాళ్ళ నాన్న కంటి జబ్బు గురించి డాక్టర్ చెప్పేదంతా ఆ పాపే సైగల్లో చెప్పాల్సొచ్చింది, ఆపరేషన్ అన్నచోట పాప ఆగిపోయి డాక్టర్ మొహం చూసింది. అది పాప చేయాల్సిన పని కాదు.

పెదాలు చూసి అర్థం చేసుకుంటారులే అనుకోవడం కూడా తప్పే. అద్దం ముందు నిలబడి గొంతు లేకుండా పాట, బాట, మాట అని చూడండి, మూడింటికీ పెదాలు ఒకేలా కదులుతాయి. వాళ్ళు సందర్భాన్ని బట్టి ఊహించుకుంటారు, అందుకే ఎదురుగా నిలబడి, వెలుతురు మీ మొహం మీద పడేలా, మామూలు వేగంతో మాట్లాడండి. అరవడం వల్ల ఉపయోగం లేదు. అంకెలు, తేదీలు, మందు మోతాదు రాసి చూపించండి.

ఫ్లెక్సీలు, బోర్డులు, మీటింగులు

ఫ్లెక్సీ విషయంలో త్వరగా చెప్తాను. ఫోటోలు తగ్గించి అక్షరాలు పెంచండి, ముదురు మీద లేత, లేత మీద ముదురు, అంటే నలుపు మీద పసుపు, తెలుపు మీద నలుపు లాంటివి. ఎరుపు మీద ఆకుపచ్చ వేయకండి, రంగులు తేడా తెలియనివాళ్ళకి రెండూ ఒకటే. వెబ్‌సైట్లకి అంతర్జాతీయంగా పాటించే లెక్క ఒకటి ఉంది, మామూలు సైజు అక్షరాలకి, వెనక రంగుకి మధ్య తేడా కనీసం 4.5కి 1 ఉండాలి అని, దీన్ని కొలిచే టూల్స్ ఫ్రీగా ఉన్నాయి, పోస్టర్లకి కూడా అదే చూసుకోవచ్చు. మెరిసే కాగితం వద్దు, లైటు పడితే చూపు మందగించినవాళ్ళకి ఏమీ కనపడదు. కరపత్రంలో అక్షరం సైజు 18 పైన ఉంటే చాలామంది పెద్దవాళ్ళు కూడా సంతోషిస్తారు. కరెంటు స్తంభం చివర కట్టకుండా, వీల్‌చెయిర్‌లో కూర్చున్నవాళ్ళు కూడా తలెత్తి చదివేంత ఎత్తులో ఒకటైనా పెట్టండి.

బ్రెయిలీ గురించి చాలామంది అడుగుతారు. 1951 నుంచి మన భాషలన్నిటికీ భారతీ బ్రెయిలీ ఉంది, తెలుగు బ్రెయిలీ అందులోదే, ఈవీఎంల మీద కూడా బ్రెయిలీ ఉంటుంది. లిఫ్టు బటన్ల దగ్గర, గది తలుపుల పక్కన, ఆఫీసు కౌంటర్ల దగ్గర బ్రెయిలీ పెట్టండి. కానీ పెద్దయ్యాక చూపు పోయినవాళ్ళలో బ్రెయిలీ రానివాళ్ళు చాలామంది, కాబట్టి బ్రెయిలీ ఇచ్చాం కదా అని చదివి వినిపించే ఏర్పాటు మానేయకండి.

గ్రామసభ, కాలనీ మీటింగ్, ఇలాంటి చోట్ల మైకు తీసుకున్న ప్రతివాళ్ళూ ముందు తమ పేరు చెప్పాలి, లేకపోతే మాట్లాడేది ఎవరో చూపు లేనివాళ్ళకి తెలియదు. నా గొంతు పెద్దదే, మైకు అక్కర్లేదు అనకండి, వినికిడి మిషన్ పెట్టుకున్నవాళ్ళకి మైకు కావాలి. కింద నుంచి ఎవరైనా ప్రశ్న అడిగితే దాన్ని మైకులో మళ్ళీ చెప్పి అప్పుడు జవాబు చెప్పండి. "ఇక్కడ చూడండి, ఈ పక్కది" అనే మాటలు ఆపేసి, చూపిస్తున్నదేంటో మాటల్లో చెప్పండి. టీవీల్లో, వీడియోల్లో "స్క్రీన్ మీద కనపడుతున్న నంబర్‌కి కాల్ చేయండి" అంటారే, అది వినే ప్రతిసారీ మాస్టారు "ఏ నంబరండీ" అని అడుగుతారు, ఆ నంబర్ నోటితో రెండుసార్లు చదివితే ఎంతసేపు పడుతుంది చెప్పండి. మీటింగ్ పై అంతస్తులో పెట్టి లిఫ్టు లేకపోతే ఇవన్నీ చేసినా వీల్‌చెయిర్ వాళ్ళు రాలేరు, చోటు ఎంచుకునేటప్పుడే అది చూడాలి.

వెబ్‌సైట్, ఆన్‌లైన్ ఫారం నడిపేవాళ్ళకి ఒక్క పేరా. లింకులన్నిటికీ "ఇక్కడ క్లిక్ చేయండి" అని పెట్టకండి, "పెన్షన్ ఫారం డౌన్‌లోడ్" అని దాని పేరే పెట్టండి, ఎందుకంటే స్క్రీన్ రీడర్‌లో లింకులు మాత్రమే వరసగా వినే పద్ధతి ఉంది, అందులో పదిహేనుసార్లు ఇక్కడ క్లిక్ చేయండి అని వినపడితే ఏది ఏమిటో తెలియదు. వచ్చింది మనిషేనా అని చూసే బొమ్మ క్యాప్చా పెడితే వినే క్యాప్చా కూడా పెట్టండి. ఓటీపీకి టైమ్ కాస్త ఎక్కువ ఇవ్వండి. మౌస్ పక్కన పెట్టి ట్యాబ్ కీతో మాత్రమే ఫారం మొత్తం నింపి చూడండి, ఎక్కడ ఇరుక్కుంటే అక్కడ తప్పు ఉన్నట్టు.

ఇదంతా మనకెందుకు, అడిగినప్పుడు చూద్దాం అనేవాళ్ళు ఉంటారు

మా అసోసియేషన్‌లో కూడా అన్నారు, ఒక్క ఇంటికోసం ఇంత చేయాలా అని. 2011 జనాభా లెక్కల్లోనే దేశంలో 2.68 కోట్ల మంది వికలాంగులు ఉన్నట్టు తేలింది, అంటే ఒక్క ఇల్లు కాదు. పైగా ఇది దయతో చేసేది కూడా కాదు, వికలాంగుల హక్కుల చట్టం 2016 ఉంది, అందులో 42వ సెక్షన్ సమాచారం గురించే, ఆడియో అయినా ప్రింట్ అయినా ఎలక్ట్రానిక్ అయినా అందరికీ అందే రూపంలో ఉండేలా ప్రభుత్వం చూడాలి అంటుంది. 2024 నవంబర్ 8న రాజీవ్ రటూరి కేసులో సుప్రీంకోర్టు, వికలాంగులకి అన్నీ అందుబాటులో ఉండేందుకు పెట్టిన ప్రమాణాలు వీలుంటే పాటించే సూచనల్లా ఉంటే కుదరదు, తప్పనిసరి రూల్స్ చేయండి అని కేంద్రానికి మూడు నెలలు గడువు పెట్టింది. 2025 ఏప్రిల్ 30న ఇంకో తీర్పులో, కళ్ళు ఆర్పితేనే ఒప్పుకునే ఆన్‌లైన్ కేవైసీ యాసిడ్ దాడి బాధితులకి, చూపు లేనివాళ్ళకి ఎలా కుదురుతుంది అన్న కేసులో, డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణ కింద జీవించే హక్కులో భాగమే అని చెప్పింది. కాలనీ గ్రూపుకి ఈ తీర్పులు నేరుగా వర్తిస్తాయా లేదా అని నేను వాదించలేదు, ఆ బిందె సంగతి చెప్పాను, ఒప్పుకున్నారు.

ఏ మాట వాడాలి అని కూడా అడుగుతుంటారు. కేంద్రం దివ్యాంగులు అంటుంది, ఆంధ్రలో ఆఫీసు కాగితాల్లో విభిన్న ప్రతిభావంతులు అని రాస్తారు, హక్కుల కోసం పనిచేసేవాళ్ళలో చాలామంది మాకు దైవత్వం అక్కర్లేదు, వికలాంగులు అనండి చాలు అంటారు. ఎదుటి మనిషి ఏది ఇష్టపడితే అది వాడండి. గుడ్డి, చెవిటి, మూగ అనేవి తిట్లుగా వాడే మాటలు, నోటీసుల్లో, మైకులో అసలు రాకూడదు. "చెవిటివాడి ముందు శంఖం" లాంటి సామెతలు కూడా స్పీచుల్లో మానేయండి, ఆ జంట ముందు ఇంటర్‌ప్రెటర్ దాన్ని సైగల్లో చెప్పాల్సి వస్తే ఎలా ఉంటుందో ఒక్కసారి అనుకోండి.

పంపే ముందు ఒక్కసారి పరీక్ష

టాక్‌బ్యాక్ ఆన్ చేసుకుని మీ నోటీసు మీరే వినండి. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలో ఉంటుంది. ఆన్ చేసే ముందు ఆఫ్ చేయడం తెలుసుకోండి, వాల్యూమ్ బటన్లు రెండూ కలిపి మూడు సెకన్లు నొక్కిపట్టే షార్ట్‌కట్ ముందే పెట్టుకుంటే కంగారుండదు. ఆన్ అయ్యాక ఒకసారి తాకితే చదువుతుంది, రెండుసార్లు తడితే ఓపెన్ అవుతుంది, రెండు వేళ్ళతో జరిపితే పేజీ కదులుతుంది. కళ్ళు మూసుకుని వినండి, ఎప్పుడు, ఎక్కడ, ఏం చేయాలి అనే మూడూ తెలిశాయా చూడండి. వీడియో అయితే సౌండ్ పూర్తిగా తీసేసి చూడండి.

ఇది మీ పరీక్ష మాత్రమే, అసలైన పరీక్ష వాళ్ళ దగ్గరే అవుతుంది. మీ ఊళ్ళో చూపు లేనివాళ్ళు ఒకరు, వినపడనివాళ్ళు ఒకరు, పిల్లవాడికి మేధోవైకల్యం ఉన్న తల్లో తండ్రో ఒకరు, వీళ్ళకి ముందే పంపి అర్థమైందా అని అడగండి. ఎక్కువ పని ఉంటే వాళ్ళ టైమ్‌కి డబ్బు ఇవ్వండి. నేను ఇప్పుడు ప్రతి నోటీసూ ముందు మాస్టారికి పంపుతాను, మొన్న ఒకటి పంపితే "తేదీ రాశారు, వారం రాయలేదు" అని ఒక్క నిమిషంలో జవాబొచ్చింది.

ప్రతి నోటీసు చివర ఈ లైన్ కూడా పెట్టుకోండి, కావాలంటే ఇలాగే కాపీ చేసుకోండి:

"ఈ సమాచారం పెద్ద అక్షరాల్లో కావాలన్నా, వాయిస్ మెసేజ్‌గా కావాలన్నా, సైన్ భాషలో వీడియో కావాలన్నా, ఇంటికొచ్చి చెప్పాలన్నా ఈ నంబర్‌కి ఫోన్ చేయండి లేదా మెసేజ్ పెట్టండి."

పెట్టాక, ఎవరైనా నిజంగా అడిగితే ఆ రోజే ఇవ్వండి.